సర్వర్ బాగానే ఉంది... పేరే దొరకలేదు!

*అనుసంధాన నెట్‌వర్క్‌లలో అంతర్గత డీఎన్‌ఎస్‌ కీలకం
*వరదల్లో లింకు తెగినా స్థానిక సేవలు ఆగకుండా చూసే మార్గం
*సరిహద్దు మారిన మన్యం నేర్పే పాఠం

భద్రాచలం: ధ్రువీకరణ పత్రం కోసమో, భూమి రికార్డు నకలు కోసమో ఏజెన్సీ గ్రామం నుంచి మండల కేంద్రానికి వచ్చిన వ్యక్తికి ఆ రోజు కూలి పోయినట్లే. బస్సు ఛార్జీ అదనం. తీరా కౌంటరు వద్దకు చేరాక వినిపించే మాట ‘సర్వర్ డౌన్, రేపు రండి’ అయితే ఆ నష్టం రెండింతలవుతుంది. అయితే ఈ మాట చెప్పిన ప్రతిసారీ సర్వర్ నిజంగానే ఆగిపోయి ఉండాలని లేదు. సర్వర్ నడుస్తూనే ఉండవచ్చు, కేబుల్ కూడా సక్రమంగానే ఉండవచ్చు. ఆ సర్వర్ పేరును దాని చిరునామాగా మార్చే ఏర్పాటు మాత్రం జవాబివ్వక పోవచ్చు. తెరపై కనిపించే ఫలితం రెండు సందర్భాల్లోనూ ఒకటే కావడంతో నింద సర్వర్‌పై పడుతుంది.

పేరును చిరునామాగా మార్చే ఈ ఏర్పాటునే డొమైన్ నేమ్ సిస్టమ్, క్లుప్తంగా డీఎన్‌ఎస్‌ అంటారు. ఒక కార్యాలయంలో నాలుగు కంప్యూటర్లే ఉన్నప్పుడు దీని గురించి ఎవరూ పట్టించుకోరు. ఖమ్మం, కొత్తగూడెం, భద్రాచలం వంటి కేంద్రాల నెట్‌వర్క్‌లను ఒకదానితో మరొకటి కలిపినప్పుడే అసలు చిక్కు మొదలవుతుంది. కళాశాలలు, ఆసుపత్రులు, సహకార సంఘాలు, రెండు మూడు శాఖలున్న వ్యాపార సంస్థలు సైతం తమ కార్యాలయాలను ఇలా కలుపుకొంటున్నందున ఈ అమరిక ఎలా ఉండాలో తెలుసుకోవడం అవసరం.

పేరు ఒకటి, చిరునామా ఒకటి

కంప్యూటర్లు ఒకదానినొకటి గుర్తించేది అంకెలతోనే. 10.40.1.5 వంటి అంకెల వరుసను ఐపీ చిరునామా అంటారు. మనుషులకు అంకెలు గుర్తుండవు కనుక పేర్లు పెట్టుకుంటారు. భద్రాచలం అనే పేరుకు 507111 అనే పిన్‌కోడ్, ఖమ్మానికి 507001 ఉన్నట్లే ప్రతి సర్వర్‌కూ పేరు, అంకె రెండూ ఉంటాయి. తపాలా శాఖ 1972 ఆగస్టు 15న పిన్‌కోడ్‌ను ప్రవేశపెట్టింది కూడా ఒకే పేరున్న ఊళ్ల మధ్య తికమకను తొలగించేందుకే. కొత్తూరు, లక్ష్మీపురం అని మాత్రమే రాసిన ఉత్తరం ఏ ఊరికి చేరాలో పోస్ట్‌మ్యాన్‌కు తెలియదు. మండలం, జిల్లా రాస్తేనే అది గమ్యం చేరుతుంది. డీఎన్‌ఎస్‌లోనూ పేరు ఇలాగే చిన్న భాగం నుంచి పెద్ద భాగానికి, ఎడమ నుంచి కుడికి సాగుతుంది.

ఇంటర్‌నెట్ తొలినాళ్లలో అమెరికాలోని స్టాన్‌ఫర్డ్ పరిశోధన సంస్థ అన్ని కంప్యూటర్ల పేర్లను ఒకే ఫైలులో రాసి ఉంచేది. మిగతా వారంతా దాని ప్రతిని తెచ్చుకునేవారు. కంప్యూటర్లు పెరిగేకొద్దీ ఆ ఫైలును నవీకరించడం తలకు మించిన పనైంది. దీంతో పాల్ మొకపెట్రిస్ 1983లో డీఎన్‌ఎస్‌ను రూపొందించారు. మొత్తం పేర్ల బాధ్యత ఒక్కరి చేతిలో ఉండకుండా ఎవరి పరిధిలోని పేర్లు వారే చూసుకోవడం ఇందులోని మూల సూత్రం. ఊరి పహాణీ ఊరి రెవెన్యూ ఉద్యోగి వద్ద, మండల రికార్డు తహసీల్దారు వద్ద ఉన్నట్లుగా బాధ్యతను పంచిపెట్టారు. ఇలా ఒకరి అధీనంలో ఉండే పేర్ల పరిధిని ‘జోన్’ అంటారు.

గోడ లోపలి పేర్లు

వార్తల వెబ్‌సైట్లు, బ్యాంకుల వెబ్‌సైట్లు ప్రపంచమంతటికీ కనబడాలి కనుక వాటి పేర్లు బహిరంగ డీఎన్‌ఎస్‌లో ఉంటాయి. కార్యాలయంలోని ప్రింటరు, హాజరు నమోదు సర్వర్, జీతాల బిల్లుల కంప్యూటరు బయటివారికి కనబడనవసరం లేదు. కనబడకూడదు కూడా. వీటికి 10తో గానీ, 192.168తో గానీ, 172.16 నుంచి 172.31 వరకు గానీ మొదలయ్యే ప్రైవేటు చిరునామాలు ఇస్తారు. 1996లో ఖరారైన నిబంధన మేరకు ఈ అంకెలను ఎవరైనా తమ గోడ లోపల వాడుకోవచ్చు. బహిరంగ ఇంటర్‌నెట్‌లో ఇవి చెల్లవు. ఈ పేర్లకు, చిరునామాలకు గోడ లోపలే ఉండే పట్టికే అంతర్గత డీఎన్‌ఎస్‌.

ప్రభుత్వ కార్యాలయాల అనుసంధానానికి ఇదే పునాది. కేంద్ర ప్రభుత్వం 2005 మార్చిలో రూ.3,334 కోట్ల అంచనాతో స్టేట్ వైడ్ ఏరియా నెట్‌వర్క్ పథకాన్ని ఆమోదించింది. రాష్ట్ర కేంద్రం నుంచి జిల్లా కేంద్రానికి, అక్కడి నుంచి మండల స్థాయికి కనీసం 2 ఎంబీపీఎస్ వేగంతో లింకులు కల్పించడం దీని ఉద్దేశం. పంచాయతీల వరకు ఆప్టికల్ ఫైబర్ తీసుకెళ్లే పథకానికి 2011 అక్టోబరులో ఆమోదం లభించగా, అదే తర్వాత భారత్‌నెట్ అయింది. తీగ వేయడంతో దారి ఏర్పడుతుంది. దారిలో ఎవరి ఇల్లు ఎక్కడుందో చెప్పేది మాత్రం పేర్ల పట్టికే. దారి వేసినవారు పట్టిక సంగతి మరిస్తే ప్రయాణికుడు దారి మధ్యలో నిలబడిపోతాడు.

కలిసినప్పుడే తిప్పలు

ఉదాహరణకు ఒక సంస్థకు భద్రాచలంలో ఒకటి, కొత్తగూడెంలో ఒకటి కార్యాలయాలున్నాయని అనుకుందాం. రెండు చోట్లా వేర్వేరు వ్యక్తులు, వేర్వేరు సంవత్సరాల్లో నెట్‌వర్క్‌లు ఏర్పాటు చేశారు. రెండింటికీ సొంత డీఎన్‌ఎస్‌ సర్వర్లు ఉన్నాయి. ఇప్పుడు రెండింటినీ లింకుతో కలిపారు. భద్రాచలం ఉద్యోగి కొత్తగూడెం సర్వర్‌ను అంకెల చిరునామాతో పిలిస్తే పలుకుతుంది. పేరుతో పిలిస్తే పలకదు. భద్రాచలం పేర్ల పట్టికలో కొత్తగూడెం పేర్లు లేకపోవడమే కారణం. తనకు తెలియని పేరు వస్తే ఆ సర్వర్ బయటి ఇంటర్‌నెట్‌ను అడుగుతుంది. గోడ లోపలి పేరు బయటివారికి ఎలా తెలుస్తుంది? ‘అలాంటి పేరు లేదు’ అన్న జవాబు వస్తుంది.

దీనికి చాలామంది చేసే తాత్కాలిక చికిత్స ప్రతి కంప్యూటరులోని ‘హోస్ట్స్’ ఫైలులో పేరు, చిరునామా చేత్తో రాయడం. ఆ పూటకు పని జరుగుతుంది. ఏడాది తర్వాత సర్వర్ చిరునామా మారినప్పుడు ఎన్ని కంప్యూటర్లలో రాశారో గుర్తుండదు. రాసిన ఉద్యోగి బదిలీ అయి ఉంటారు. సగం కంప్యూటర్లు పనిచేసి సగం పనిచేయని విచిత్ర పరిస్థితి తలెత్తుతుంది. 1983కు ముందు ప్రపంచం వదిలించుకోవాలనుకున్న ఇబ్బంది ఇదే.

అంతకన్నా పెద్ద చిక్కు చిరునామాలు ఢీకొనడం. రెండు కార్యాలయాల్లోనూ 192.168.1 వరుసనే వాడి ఉంటే, 192.168.1.10 అనగానే ఆ కంప్యూటరు తన ఇంట్లోని యంత్రాన్నే వెతుకుతుంది. నది అవతల అదే అంకె గల మరో యంత్రం ఉన్నట్లు దానికి తెలియదు. పేరు సరిగ్గా చిరునామాగా మారినా ప్రయోజనం ఉండదు. అందువల్ల నెట్‌వర్క్‌లను కలపడానికి ముందే ఏ కార్యాలయానికి ఏ వరుస అన్నది ఒకే పట్టికలో రాసుకోవాలి. భద్రాచలానికి 10.40, కొత్తగూడేనికి 10.41, ఖమ్మానికి 10.42 అన్నట్లుగా ముందే పంచుకుంటే సగం సమస్య అక్కడే తీరుతుంది.

మన్యం చెప్పే పాఠం

పేర్లు పెట్టడంలో పాటించాల్సిన జాగ్రత్తను ఈ ప్రాంత చరిత్రే చెబుతుంది. 1953లో ఖమ్మం జిల్లా ఏర్పడే నాటికి భద్రాచలం తూర్పు గోదావరిలో ఉండేది. 1959లో భద్రాచలం, నూగూరు తాలూకాలు ఖమ్మం జిల్లాలో కలిశాయి. 2014లో రాష్ట్ర విభజన సందర్భంగా పోలవరం ప్రాజెక్టు ముంపు పరిధి దృష్ట్యా చింతూరు, కూనవరం, వరరామచంద్రాపురం, కుక్కునూరు, వేలేరుపాడు మండలాలు, బూర్గంపాడు మండలంలో కొంత భాగం, పట్టణం మినహా భద్రాచలం మండలం ఆంధ్రప్రదేశ్‌లోకి వెళ్లాయి. 2016 అక్టోబరు 11న భద్రాద్రి కొత్తగూడెం జిల్లా అవతరించింది. అటువైపు చింతూరు, కూనవరం, వరరామచంద్రాపురం మండలాలను తొలుత తూర్పు గోదావరిలో ఉంచి, 2022 ఏప్రిల్ 4న అల్లూరి సీతారామరాజు జిల్లాలో చేర్చారు.

ఇళ్లు కదల్లేదు, అడవి కదల్లేదు, శబరి నది ప్రవాహం మారలేదు. కానీ ఒకే మండలం పదేళ్లు తిరగకముందే మూడు జిల్లాల పేర్లు మోసింది. భద్రాచలం రామాలయం తెలంగాణలో ఉండగా, పక్కనే ఉన్న పురుషోత్తపట్నంలోని ఆలయ భూములు ఆంధ్రప్రదేశ్‌లోకి వెళ్లాయి. ఇలాంటి చోట కంప్యూటర్ పేర్లను జిల్లా పేరుతో ముడిపెడితే ఏమవుతుందో ఊహించవచ్చు. ‘రికార్డులు.చింతూరు.ఖమ్మం’ అని పేరు పెట్టి, ఆ పేరును పదుల కొద్దీ ప్రోగ్రాములలో రాసి ఉంటే 2014లో ఒకసారి, 2022లో మరోసారి అన్నింటినీ తిరగరాయాల్సి వచ్చేది. అలా కాక ‘రికార్డులు.చింతూరు’ అని ఊరి పేరుతో ఆపితే ఊరు ఏ జిల్లాకు వెళ్లినా పేరు నిలుస్తుంది. మారేది పట్టికలోని ఒక్క వరుస మాత్రమే. పేరులో మారని దాన్ని ఉంచాలి. మారేదాన్ని పట్టికకు వదిలేయాలి.

(కంప్యూటరులో ఈ పేర్లను ఇంగ్లిషు అక్షరాల్లోనే టైపు చేయాలి. చదువరుల సౌలభ్యం కోసం ఇక్కడ తెలుగులో ఇస్తున్నాం.)

చివరి భాగం ఎంపిక

గోడ లోపలి పేర్లకు చివర ఏది ఉండాలన్నది మరో ప్రశ్న. చాలా కార్యాలయాల్లో ‘.లోకల్’ అని పెట్టడం అలవాటు. 2013లో వెలువడిన ప్రమాణం ‘.లోకల్’ను పక్కపక్క పరికరాలు తమలో తాము వెతుక్కునే పద్ధతికి కేటాయించింది. కొన్ని ఫోన్లు, కంప్యూటర్లు ఆ పేరు కనబడగానే డీఎన్‌ఎస్‌ సర్వర్‌ను అడగకుండా చుట్టుపక్కల పరికరాలను కేకేస్తాయి. అందుకే ఒకే పేరు ఒక కంప్యూటరులో తెరుచుకుని మరోదానిలో తెరుచుకోకపోవడం జరుగుతుంది. సొంతంగా ఏదో ఒక పదాన్ని కల్పించుకోవడమూ క్షేమం కాదు. ‘.డెవ్’ అనే చివరి భాగాన్ని ఎందరో ప్రోగ్రామర్లు అంతర్గతంగా వాడుకుంటుండగా 2014లో అది నిజమైన బహిరంగ చిరునామాగా అమల్లోకి వచ్చింది. దీంతో వారు తమ పేర్లు మార్చుకోక తప్పలేదు.

ఇందుకు రెండు సురక్షిత మార్గాలున్నాయి. సంస్థకు ఇప్పటికే నమోదైన సొంత డొమైన్ ఉంటే దాని కింద ‘లోపల’ వంటి ఉపభాగం పెట్టుకోవడం మొదటిది. 2024 జూలైలో అంతర్జాతీయ పేర్ల నిర్వహణ సంస్థ ఐకాన్ ప్రైవేటు వాడకానికే శాశ్వతంగా కేటాయించిన ‘.ఇంటర్నల్’ను వాడుకోవడం రెండోది. ఇకపై ప్రపంచంలో ఎవరికీ ఆ చివరి భాగాన్ని విక్రయించరు.

అమరిక ఇలా...

పేర్లు, చిరునామాలు ఖరారయ్యాక నెట్‌వర్క్‌ల మధ్య దారి చూపాలి. దీనికి ప్రధానంగా మూడు పద్ధతులున్నాయి.

మొదటిది షరతుతో కూడిన మళ్లింపు. భద్రాచలం డీఎన్‌ఎస్‌ సర్వర్‌కు ‘కొత్తగూడెంతో ముగిసే పేరు వస్తే బయటికి పోవద్దు, 10.41.0.2 వద్ద ఉన్న సర్వర్‌ను అడుగు’ అని చెప్పి ఉంచుతారు. కొత్తగూడెం సర్వర్‌లోనూ ఇలాగే భద్రాచలం గురించి రాయాలి. ఒకవైపే రాసి రెండోవైపు మరవడం తరచూ జరిగే పొరపాటు. విండోస్ సర్వర్‌లో 2003 నుంచి ఈ సదుపాయం ఉంది. లైనక్స్‌పై నడిచే బైండ్, అన్‌బౌండ్, డీఎన్‌ఎస్‌మాస్క్ వంటి ఉచిత సాఫ్ట్‌వేర్‌లలోనూ లభిస్తుంది.

రెండు కార్యాలయాలకు ఇది తేలిక. ఏడు కార్యాలయాలుంటే ప్రతి ఒక్కటీ మిగతా ఆరింటి వివరాలు రాసుకోవాలి. అంటే మొత్తం 42 నమోదులు. ఒక్క సర్వర్ చిరునామా మారితే ఆరు చోట్ల దిద్దాలి. అందుకే పెద్ద సంస్థలు రెండో పద్ధతిని ఎంచుకుంటాయి. జిల్లా కేంద్రం వంటి ఒక చోట కేంద్ర సర్వర్ ఉంచి, ఏ పేరు ఎవరి పరిధో దానికే చెప్పి ఉంచుతారు. ఏడు కార్యాలయాలూ ఆ ఒక్క కేంద్రం వివరాలు రాసుకుంటే చాలు. కేంద్రంలో ఏడు, కార్యాలయాల్లో ఒక్కొక్కటి చొప్పున 14 నమోదులతో పని ముగుస్తుంది. అయితే ఆ కేంద్రం ఆగితే అందరి పేర్లూ ఆగుతాయి కనుక అక్కడ రెండు సర్వర్లు, అవి కూడా వేర్వేరు విద్యుత్ లైన్లపై ఉండడం మేలు.

మూడోది ప్రతిని దగ్గర ఉంచుకోవడం. పక్క కార్యాలయపు జోన్ మొత్తాన్ని నకలు తీసి తన సర్వర్‌లో భద్రపరచుకునే ఈ ఏర్పాటును ‘సెకండరీ జోన్’ అంటారు. అసలు పట్టికలో మార్పు జరిగినప్పుడు నకలు తనంతట తానే నవీకరించుకుంటుంది. లింకు తెగినా నకలు జవాబిస్తూనే ఉంటుంది. మన్యం వంటి ప్రాంతానికి ఇది అన్నిటికన్నా ముఖ్యమైనది.

గోదావరి పొంగినప్పుడు

భద్రాచలం వద్ద గోదావరి నీటిమట్టం 43 అడుగులకు చేరితే మొదటి, 48 అడుగులకు రెండో, 53 అడుగులకు మూడో ప్రమాద హెచ్చరిక జారీ చేస్తారు. 1986 ఆగస్టులో 75.6 అడుగులు, 2022 జూలైలో 71.3 అడుగుల మేర నది ప్రవహించింది. అలాంటి రోజుల్లో కూనవరం, చింతూరు, చర్ల వైపు రహదారులు మునిగిపోతాయి. రహదారి వెంటే సాగే కేబుళ్లకు, కరెంటు స్తంభాలకు ముప్పు తప్పదు. పునరావాస కేంద్రాల్లో ఎందరున్నారు, మందులు, బియ్యం ఎంత ఉన్నాయి, ఏ పడవ ఎటు వెళ్లింది అన్న వివరాలు అత్యవసరమయ్యేది కూడా అప్పుడే.

ఒక పట్టణంలోని వివరాల సర్వర్ అదే భవనంలో, పక్క గదిలోనే ఉందనుకుందాం. దాని పేరు మాత్రం రాజధానిలోని డీఎన్‌ఎస్‌ సర్వర్‌లోనే నమోదై ఉంది. సాధారణ రోజుల్లో ఇబ్బంది కనబడదు. లింకు తెగిన మరుక్షణం పక్క గదిలోని సర్వర్ కూడా అందకుండా పోతుంది. యంత్రం, కరెంటు, మనుషులు అన్నీ ఉన్నా పేరు చెప్పేవారు లేక పని ఆగుతుంది. జనరేటర్‌కు డీజిల్ సమకూర్చుకున్నంత శ్రద్ధ పేర్ల పట్టిక నకలుపై కూడా పెట్టాల్సిన అవసరం ఇక్కడే కనబడుతుంది. స్థానిక సేవల పేర్లు స్థానిక సర్వర్‌లోనే ఉండాలి. ఎగువ కేంద్రం పట్టికలకు నకళ్లు దగ్గరే ఉండాలి.

ఇందులోనూ ఒక మెలిక ఉంది. అసలు సర్వర్‌తో సంబంధం తెగిన నకలు ఎన్నాళ్లు చెల్లుతుందో జోన్‌లోనే గడువు రాసి ఉంటుంది. ఆ గడువు దాటితే నకలు జవాబివ్వడం మానేస్తుంది. ఈ గడువు రెండు నుంచి నాలుగు వారాలు ఉండాలన్నది 1996 నాటి మార్గదర్శకం. ఎవరైనా తెలియక దాన్ని ఒక్క రోజుగా పెడితే వరద రెండో రోజుకే నకలు మూగబోతుంది. వానాకాలం మొదలయ్యే ముందు ఒక ఆదివారం ఎగువ లింకును కావాలనే పీకి, స్థానిక పేర్లు పనిచేస్తున్నాయో లేదో చూసుకోవడం మంచి పరీక్ష.

పొరపాట్లు ఇవే

కంప్యూటరులో డీఎన్‌ఎస్‌ కోసం రెండు గడులు ఉంటాయి. మొదటిదానిలో కార్యాలయ సర్వర్‌ను రాసి, ‘ఎందుకైనా మంచిది’ అని రెండోదానిలో 8.8.8.8 వంటి బహిరంగ సర్వర్‌ను రాయడం చాలాచోట్ల కనిపిస్తుంది. మొదటిది ఒక్క క్షణం ఆలస్యమైతే కంప్యూటరు రెండోదాన్ని అడుగుతుంది. దానికి గోడ లోపలి పేర్లు తెలియవు కనుక ‘లేదు’ అంటుంది. కంప్యూటరు ఆ జవాబునే నమ్ముతుంది. ఉదయం పనిచేసి మధ్యాహ్నం పనిచేయని సమస్యల్లో చాలావాటికి మూలం ఇదే. రెండు గడుల్లోనూ అంతర్గత సర్వర్లే ఉండాలి. బయటి పేర్లను ఆ సర్వర్లే అడిగి తెచ్చి ఇస్తాయి.

డీఎన్‌ఎస్‌ ప్రశ్నలు 53వ నంబరు పోర్టు ద్వారా వెళ్తాయి. చిన్న ప్రశ్నలు యూడీపీ పద్ధతిలో, పెద్ద జవాబులు, జోన్ నకళ్లు టీసీపీ పద్ధతిలో ప్రయాణిస్తాయి. ఫైర్‌వాల్‌లో యూడీపీ ఒక్కటే తెరిచి టీసీపీని మరిస్తే చిన్న పేర్లు తెరుచుకుంటాయి, నకలు మాత్రం రాదు. రెండూ తెరవాలి.

సర్వర్ చిరునామా మార్చిన వెంటనే అందరికీ కొత్తది తెలియదు. ప్రతి జవాబుకూ ‘ఇంత సేపు గుర్తుంచుకో’ అన్న గడువు ఉంటుంది. అది 86,400 సెకన్లు, అంటే ఒక రోజు అయితే పాత చిరునామా మర్నాటి వరకు కంప్యూటర్ల జ్ఞాపకంలో ఉంటుంది. సర్వర్ తరలించడానికి కనీసం ఒక రోజు ముందే ఆ గడువును 300 సెకన్లకు తగ్గించి, పని ముగిశాక తిరిగి పెంచాలి. ‘లేదు’ అన్న జవాబు కూడా కొంతసేపు గుర్తుంటుంది. పట్టికలో పేరు రాయకముందే ఆత్రంగా పరీక్షించిన వారికి, రాసిన తర్వాత కూడా కాసేపు ‘లేదు’ అనే వస్తుంది.

2010లో ఇంటర్‌నెట్ మూల పట్టికకు డిజిటల్ సంతకాలు అమల్లోకి వచ్చాయి. ఈ సంతకాలను సరిచూసే సర్వర్ ‘.ఇంటర్నల్’ వంటి పేరును చూసి, మూల పట్టికలో ఇది లేదని తిరస్కరించవచ్చు. అంతర్గత జోన్‌కు ఈ తనిఖీ నుంచి మినహాయింపు ఇవ్వాలని ముందే రాసి ఉంచాలి.

లోపం ఎక్కడ?

‘సర్వర్ డౌన్’ అనడానికి ముందు మూడు ప్రశ్నలు వేసుకుంటే చాలు. మొదట సర్వర్‌ను అంకెల చిరునామాతో పిలిచి చూడాలి. పలికితే సర్వర్, కేబుల్ రెండూ బాగున్నట్లే. లోపం పేర్ల పట్టికలో ఉంది. రెండోది, ‘ఎన్‌ఎస్‌లుకప్’ అనే ఆదేశంతో కార్యాలయ డీఎన్‌ఎస్‌ సర్వర్‌ను అదే పేరు అడగాలి. మూడోది, అదే ప్రశ్నను ఆ పేరుకు అసలు యజమాని అయిన అవతలి సర్వర్‌ను నేరుగా అడగాలి. అవతలిది సరిగ్గా చెప్పి ఇవతలిది చెప్పకపోతే మళ్లింపులో తప్పుంది. రెండూ చెప్పకపోతే పట్టికలోనే ఆ పేరు లేదు.

జవాబులోని తేడా కూడా ముఖ్యమే. ‘అలాంటి పేరు లేదు’ అంటే అడిగింది చేరింది, పట్టిక చూశారు, పేరు కనబడలేదు అని అర్థం. అసలు జవాబే రాకుండా సమయం మించిపోతే దారి మూసుకుపోయిందని అర్థం. లింకునో ఫైర్‌వాల్‌నో చూడాలి. ‘నిరాకరించడమైనది’ అని వస్తే సర్వర్ ఉంది గానీ ఆ నెట్‌వర్క్‌కు జవాబివ్వడానికి దానికి అనుమతి లేదు. ఈ మూడింటినీ వేరుచేయగలిగిన ఆపరేటరు నగరానికి ఫోన్ చేసినప్పుడు ‘పనిచేయడం లేదు’ అని కాకుండా ఏది ఎక్కడ ఆగిందో చెప్పగలుగుతారు. మరమ్మతుకు పట్టే సమయం ఆ మేరకు తగ్గుతుంది.

చిరునామా నుంచి పేరును వెతికే తిరుగు పట్టిక కూడా ఉండాలి. ఎవరు ఎప్పుడు ఏ సర్వర్‌లోకి వచ్చారన్న నమోదులో అంకెలకు బదులు పేర్లు కనబడేది దాని వల్లే. కొత్త కంప్యూటరు పేరు రాసినప్పుడు తిరుగు పట్టికలోనూ రాయడం అలవాటు చేసుకోవాలి.

గోప్యతా ముఖ్యమే

పేర్ల పట్టిక అంటే సంస్థ ఇంటి నమూనా వంటిది. జీతాల సర్వర్ ఏది, రికార్డుల సర్వర్ ఏది అన్నది దాన్ని చూస్తే తెలిసిపోతుంది. అందువల్ల నకలు తీసుకునే అనుమతి పేరుపేరునా తెలిసిన సర్వర్లకే ఇవ్వాలి. బయటి నుంచి వచ్చే ప్రశ్నలకు అంతర్గత సర్వర్ జవాబివ్వకూడదు. లోపలివారికి, బయటివారికి ఒకే పేరు వాడాల్సి వస్తే అడిగినవారు ఎవరన్నది చూసి వేర్వేరు జవాబులిచ్చే ఏర్పాటు చేసుకోవచ్చు. అప్పుడు ఒకే పేరుకు రెండు పట్టికలు ఉంటాయి. ఒకదానిలో మార్పు చేసి రెండోదానిలో మరవకుండా చూడాలి.

కాగితంపై ఒక ప్రతి

ఏ కార్యాలయానికి ఏ చిరునామా వరుస, ఏ జోన్, దాని అసలు సర్వర్ ఏది, నకలు ఎక్కడుంది, గడువులు ఎంత అన్న వివరాలు ఒక్క పేజీలో పడతాయి. ఆ పేజీని ముద్రించి సర్వర్ గదిలో గోడకు అతికించాలి. నెట్‌వర్క్ ఆగినప్పుడు నెట్‌వర్క్‌లో దాచిన ఫైలు తెరుచుకోదు. ఉద్యోగులు బదిలీ అవుతారు, జిల్లాలు చీలుతాయి, సరిహద్దులు జరుగుతాయి. గోడపై ఆ కాగితం ఉంటే కొత్తగా వచ్చినవారు మొదటి రోజే దారి తెలుసుకోగలుగుతారు. అడవి దాటి వచ్చిన మనిషిని ‘రేపు రండి’ అని తిప్పి పంపే రోజులు కూడా ఆ మేరకు తగ్గుతాయి.